బస్సు ఖర్చు నెవరు భరింపవలెను?

ఒకప్పుడు ముంబైలోని తెలుగువారు వర్లీ, కామాఠీపురా మొదలగు పేటలలో దగ్గరదగ్గరగా నివసించిరి. 1982లో ఆరంభమైన సమ్మె తరువాత బట్టల మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడినవి. పెక్కు కుటుంబములు శివారులకు తరలిపోయినవి. బడి మాత్రము నగరములోనే నిలిచినది. కావున మన బిడ్డలలో పలువురకు తెలుగు చదువు బస్సు మీదనే ఆధారపడియున్నది.

ఇటీవల ఒక తల్లి మాతో ఇట్లనెను: "అయ్యా, పాపను దింపి ఇంటికి పోయి, సాయంకాలము మరల వచ్చి తీసికొనిపోవలెను. దినమునకు నాకే నాలుగు టిక్కెట్లు." 2025 మే నెలలో బెస్టు సాధారణ బస్సులలో కనీసపు ఛార్జీ 5 రూపాయలనుండి 10 రూపాయలైనది. అనగా దినమునకు 20 రూపాయలైన ఖర్చు 40 రూపాయలైనది. ఇంటి చెంతనున్న వేరొక బడిలో చేర్పింతుమా యని ఆమె ఆలోచన. ఆమెను మనము తప్పుపట్టజాలము. కాని ఛార్జీ ఏల పెరిగినదో తెలిసికొనవలెను.

బస్సు నడుపుటకు అగు వ్యయమంతయు టిక్కెట్ల వలన రాదు. మిగిలిన దానిని ఎవరో ఒకరు భరింపవలెను. 1947 ఆగస్టు 7న బొంబాయి పురపాలక సంస్థ బెస్టును తన అధీనమునకు తెచ్చుకొన్నది. ఆ సంస్థకు రెండు పనులు: విద్యుత్తు సరఫరా చేయుట, వాహనములు నడుపుట. విద్యుత్తు వలని మిగులుతో బస్సుల నష్టమును పూడ్చుట చిరకాలము సాగినది. అయితే బెస్టు విద్యుత్తు కొలాబా నుండి మాహిమ్, సయాన్ల వరకే; బస్సులో, శివారులన్నిటికిని పోవును. అనగా నగరవాసి దీపపు బిల్లులో శివారువాసి ప్రయాణవ్యయము కొంత చేరియుండెను. 2003 విద్యుచ్చట్టము పిమ్మట ఈ పద్ధతి వివాదములలో పడినది. విద్యుత్తు బిల్లులపై ప్రత్యేకముగా వేసిన రవాణా నష్టపు రుసుము కొంతకాలము సాగి నిలిచిపోయినది. నష్టము మాత్రము నిలువలేదు.

మేము హైదరాబాదులో శిక్షణ పొందు దినములలో నగరమునందును శివారులందును ఒకే ఆర్టీసీ బస్సు నెక్కుచుంటిమి. ఇచ్చట అట్లుకాదు. ఠాణే, నవీ ముంబై సంస్థలకు తమ తమ బస్సులు కలవు. బెస్టు బస్సులును ఆ ఊళ్లకు పోవుచున్నవి. ప్రయాణికునకు పురపాలకపు హద్దు కనబడదు. ఖర్చుల లెక్క మాత్రము ఆ హద్దుకడనే ఆగును.

హద్దులు దాటిన సేవకు ఉమ్మడి నిధి యుండుట న్యాయమని మా అభిప్రాయము. ఈ ఆలోచన ముంబైకి క్రొత్తది కాదు. లోకలు రైలుమార్గముల అభివృద్ధికై 1999లో ఏర్పడిన ముంబై రైల్వే వికాస్ కార్పొరేషనులో రైల్వే శాఖకు 51 శాతము, మహారాష్ట్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా కలదు. బస్సు విషయమునను ఏ ఊరిలో ఎన్ని కిలోమీటర్లు నడచెనో లెక్కించి, ఆయా పురపాలక సంస్థలు తమ వంతు నీయవచ్చును.

మరియు బస్సు వలన లాభము ప్రయాణికునకు మాత్రమే కాదు. పనివారు వేళకు వచ్చుటవలన యజమానికి లాభము. రాకపోకలు పెరుగుటవలన స్థలముల ధర పెరిగి వాటి స్వామికి లాభము. ఫ్రాన్సుదేశమున 1971లో పారిస్ ప్రాంతమున ప్రారంభమైన పన్ను ఇట్టిదే. అచ్చట చిన్న సంస్థలు తప్ప తక్కిన యజమానులు తాము చెల్లించు వేతనముల మొత్తమును బట్టి రవాణాకై పన్ను కట్టుదురు. యజమానుల భారము హెచ్చునని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఆ భారము నేడు పాపను బడికి తెచ్చు తల్లిమీద పడుచున్నది. పలువురు పంచుకొన్న బరువు తేలిక.

ప్రయాణికుడును తన వంతు చెల్లింపవలసినదే. టిక్కెట్టు లేని ప్రయాణము తోటివారి సొమ్ము హరించుటయే. అయితే ఆ వంతు కూలివాని శక్తికి మించకుండవలెను.

విద్యార్థులారా! రేపు బస్సెక్కినప్పుడు, మీ యింటినుండి బడికి వచ్చులోపల ఎన్ని పురపాలకపు హద్దులు దాటుచున్నారో గుర్తింపుడు. తలిదండ్రులారా! ఎన్నికల వేళ ఓటడుగ వచ్చువారిని, మన వీధి దీపముల గూర్చి అడిగినట్లే, మన బస్సు ఖర్చులో వారి ఊరి వంతు ఎంతయని అడుగుడు.