పింఛను ఖాతా మార్పు: రైతు తెలిసికొనవలసిన సంగతులు

ఉద్యోగస్థుడు వార్ధక్యమున పింఛను పుచ్చుకొనుటయు, సేద్యగాడు కుమారుని చేతివైపు చూచుటయు మన సీమలో బహుకాలముగా నున్న వాడుక. ఇప్పుడిది కొంత మారినది. 2015 జూను 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన అటల్ పెన్షన్ యోజనలోను, 2019లో ప్రారంభమైన ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజనలోను రైతులు చేరుచున్నారు. చేరినవారికి ఇప్పుడొక కొత్త సందేహము పుట్టినది. "నేను చందా కట్టుచుండిన బ్యాంకు పేరు మారినది. మావాడు ఊరు విడిచి బెంగళూరు పోయినాడు. మా పింఛనేమగును? దానిని వేరొకచోటికి మార్చుకొనవచ్చునా?" అని చెఱకు తోటల గట్లమీద నన్ను పలువురు అడిగిరి. అందుచేత ఈ విషయము వ్రాయుచున్నాను.

మొదట బ్యాంకు పేరు సంగతి. చిత్తూరు కేంద్రముగా, ఇండియన్ బ్యాంకు పోషణలో నడచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1వ తేదీన రాష్ట్రములోని తక్కిన మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడినది. దీనికి పోషక బ్యాంకు యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియా. అంతకు అయిదేండ్ల ముందు, 2020 ఏప్రిలు 1వ తేదీన, ఆంధ్రా బ్యాంకు కూడ ఆ యూనియన్ బ్యాంకులోనే కలిసిపోయినది. ఇట్టి విలీనములలో పాత బ్యాంకు ఆస్తులతోపాటు బాధ్యతలన్నియు కొత్త బ్యాంకునకు సంక్రమించును. కావున పింఛను పోయెనని ఎవరును భయపడనక్కరలేదు. అయినను చందా ఎప్పటివలె గడువునకు మినహాయింపబడుచున్నదో లేదో పాసుబుక్కులో స్వయముగా చూచుకొనవలెను. గడువు తప్పిన చందాకు ప్రతి వంద రూపాయలకు నెలకొక రూపాయి చొప్పున అదనముగా పడును.

బెల్లము మండీకి పోయినప్పుడు బండి తోలువాడొకడు, లెక్క వ్రాయు గుమాస్తా యొకడు, సరకు నిలువచేసి అమ్మకము చేయు వర్తకుడు మరియొకడు. పింఛను విషయమును ఇట్టిదే. చందా వసూలుచేయు బ్యాంకు బండివానివంటిది. మీ పేర పండ్రెండంకెల ప్రాన్ నెంబరు వేసి లెక్క వ్రాయు సంస్థ వేరుగ నున్నది. ఆ సొమ్మును పెట్టుబడి పెట్టు సంస్థ మరియొకటి. బండివాడు మారినంత మాత్రమున గుమాస్తా పుస్తకములోని మీ పద్దు చెరిగిపోదు. అటల్ పింఛనులో మీకు వాగ్దానము చేసినది బ్యాంకు కాదు, కేంద్రప్రభుత్వము. అరువదవ యేట నెలకు 1,000 రూపాయలు మొదలు 5,000 రూపాయలవరకు మీరు కోరిన మొత్తము తగ్గకుండ ఇత్తుమని ఆ ప్రభుత్వమే పూచీపడినది.

ఇచ్చటనే మనవారు గొప్ప నష్టము తెచ్చుకొనుచున్నారు. బ్యాంకు మార్చుకొనదలచి, పాత పింఛను ఖాతాను మూసివేసి, కొత్త బ్యాంకులో మరల చేరవచ్చునని తలంచుచున్నారు. మామిడి అంటును వేరుమట్టితోసహా తీసి వేరొక గుంతలో నాటుట మార్పు. చెట్టు పెరికివైచి టెంక పాతుట మార్పు కాదు. లెక్క చూడుడు. 5,000 రూపాయల పింఛనుకు 25వ యేట చేరినవాడు నెలకు 376 రూపాయలు కట్టును. వాడు 35వ యేట ఖాతా మూసి తిరిగి చేరినచో నెలకు 902 రూపాయలు కట్టవలసివచ్చును. మిగిలిన 25 సంవత్సరములకు పాత లెక్కన 1,12,800 రూపాయలు పోవలసినచోట, కొత్త లెక్కన 2,70,600 రూపాయలు పోవును. మూసినప్పుడు తాను కట్టిన సొమ్మును, దానిపై నికరముగా వచ్చిన ఆదాయమును తిరిగి వచ్చునుగదా యనవచ్చును. వచ్చును, కాని ఆ సొమ్ము ఆ సంవత్సరపు ఎరువులకో పెండ్లికో పోకుండ నిలుచునా? 2016 మార్చి 31వ తేదీలోపల చేరి ప్రభుత్వపు సహచందా పొందినవారికి, మధ్యలో మూసినచో ఆ భాగము రాదు. నలువది యేండ్లు దాటినవానిని తిరిగి చేర్చుకొనరు. ఆదాయపు పన్ను కట్టువారికి 2022 అక్టోబరు 1వ తేదీ నుండి కొత్తగా చేరుటకు అర్హతయే లేదు.

సరియైన మార్గము సులభమైనది. మీరు పోగోరు బ్యాంకులో సేవింగ్సు ఖాతా తెరచి, ప్రాన్ నెంబరును ఆధారును చూపి, అటల్ పింఛను ఖాతాను ఆ బ్యాంకునకు మార్చుమని ఫారము వ్రాసియిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. ప్రాన్ నెంబరు మారదు, చేరిన వయస్సు మారదు, చందాయు మారదు. కొత్త ఖాతానుండి మొదటి చందా మినహాయింపబడువరకు పాత సేవింగ్సు ఖాతాను మూయరాదు. బెంగళూరు పోయిన పిల్లవానికి ఈ శ్రమయు అక్కరలేదు. ఐరాలలోని ఖాతాలో నిలువ యుంచినచో చాలును.

కిసాన్ మాన్‌ధన్‌లో ఎంపికకు చోటులేదు. రెండు హెక్టార్లకు మించని భూమిగల రైతు వయస్సునుబట్టి నెలకు 55 మొదలు 200 రూపాయలవరకు కట్టును. అంతే మొత్తము కేంద్రము కలుపును. అరువదవ యేట 3,000 రూపాయలు వచ్చును. నిధిని జీవిత బీమా సంస్థయే చూచును. ప్రతినెల ఒకటవ తేదీన రాష్ట్రప్రభుత్వ మిచ్చు వృద్ధాప్య పింఛను వేరు. అది చందా కట్టి సంపాదించునది కాదు.

నిజముగా సంస్థను మార్చుకొను స్వేచ్ఛ నేషనల్ పెన్షన్ సిస్టములో కలదు. ఇది 2009 మే 1వ తేదీ నుండి సామాన్య ప్రజలకును తెరవబడినది. ఇందులో పెట్టుబడి సంస్థను ఆర్థిక సంవత్సరమునకు ఒక పర్యాయము మార్చుకొనవచ్చును. లెక్క వ్రాయు సంస్థలు ప్రోటియన్, హైదరాబాదులోని కేఫిన్, చెన్నైలోని క్యామ్స్ అని మూడు కలవు. వీనిలో నొకదానినుండి మరియొకదానికి పోవచ్చును. పెట్టుబడి సంస్థ మారినప్పుడు పాత యూనిట్లను అమ్మి ఆ సొమ్ముతో కొత్త యూనిట్లను కొందురు. యూనిట్ల సంఖ్య తగ్గినదని కలతపడరాదు. ఒక్కొక్కదాని ధర వేరగుటచే నట్లు కనబడును. పుట్లను బస్తాలలోనికి మార్చిన ధాన్యము తగ్గదు. నిరుడు ఎక్కువ లాభము చూపినదని యేటేట సంస్థను మార్చుట నాకు సమ్మతము కాదు. ఒక యేటి ధర చూచి మరునాడే అందరును టమాట నాటినచో మన సంతలలో నేమగునో మీకు తెలియును.

అటల్ పింఛనును విడిచి ఈ పద్ధతికి పోదునని యెవరైన ననినచో, వాగ్దానమును విడిచి మార్కెట్టును నమ్ముచున్నానని తెలిసి పోవలెను. బ్రిటనులో ఇట్టి పూచీగల పింఛను 30,000 పౌండ్లకు మించిన విలువ కలదైనచో, స్వతంత్ర సలహాదారుని సలహా పొందనిదే మార్చుకొనరాదని 2015 ఏప్రిలు నుండి చట్టమే విధించినది. మనకట్టి చట్టము లేదు. కోరినవారు అటల్ ఖాతాను ఉంచుకొనియే రెండవదానిలోను చేరవచ్చును. రెండును ఒకరికి ఉండవచ్చును. ఫోనులో పిలిచి, పింఛను మార్చి రెట్టింపు ఇప్పింతుమని చెప్పి ఓటీపీ అడుగువానికి మాత్రము ఏ సమాధానమును ఈయకుడు. మార్పునకు సంతకము పెట్టుచోటు బ్యాంకు బల్లయే.

అరువదవ యేట నేషనల్ పెన్షన్ సిస్టమువారు కొంత సొమ్ముతో బీమా కంపెనీవద్ద యాన్యుటీ కొనవలసియుండును. దానిని కొన్న తరువాత మరియొక కంపెనీకి మార్చుకొనుటకు సాధారణముగ వీలులేదు. ఆ కంపెనీని ఎంచుకొనుటయందు తొందరపడరాదు. రెండు మూడు కంపెనీల దరలడిగి పోల్చిచూచుకొనవలెను. భర్త తరువాత భార్యకు వచ్చునట్టి రకమునే తీసికొనుడని నా సలహా.

అటల్ పింఛనులో చందాదారుని తరువాత భార్యకో భర్తకో అదే పింఛను వచ్చును. ఇరువురి తరువాత 5,000 రూపాయల తరగతివారి నామినీకి 8.5 లక్షల రూపాయలు చేరును. పెండ్లికి ముందు చేరి తల్లి పేరు వ్రాయించినవారు, ఖాతా మార్పునకు బ్యాంకుకు పోయిన దినముననే భార్య పేరును, పిల్లల పేరును వ్రాయించుకొని రావలెను.