తివాచీల రంగులు

తివాచీని నేయుట యొక విద్య. దాని యున్నికి రంగు పట్టించుట వేఱొక విద్య. మన ఏలూరునకు ఈ నేత పారసీక దేశమునుండి వచ్చినదని చెప్పుదురు. ఆ దేశపు పట్టణములయందు రంగరి వేరు, నేతగాడు వేరు.

ఎఱుపు మంజిష్ఠజాతి మొక్క వేరునుండి వచ్చును. వేరును దంచి, నీట కాచి, అందు ఉన్నిని ఊరకే ముంచినచో రంగు సరిగా నిలువదు. కావున ముందుగా ఉన్నిని పటికనీటిలో కాచుదురు. పటికయందలి అల్యూమినియము ఒకవంక ఉన్నిని, ఒకవంక రంగును పట్టుకొని రెంటిని ముడివేయును. పటికకు మాఱుగా ఇనుము చేర్చినచో ఆ వేరే ఊదారంగు నిచ్చును. మన బందరు అద్దకపువారు నూలుబట్టలకు వాడిన చిరివేరునందును ఎఱుపునకు మూలమైన అలిజరిన్ అను పదార్థమే కలదు. అచ్చటను పటికయే సాధనము.

నీలిమందు త్రోవ వేరు. అది నీటిలో కరగదు. క్షారముతో చేర్చి పులియబెట్టినగాని దారికి రాదు. ఆ తొట్టిలో ముంచి తీసిన యున్ని మొదట పసుపుపచ్చగా నుండి, గాలి తగిలినకొలది మనము చూచుచుండగనే నీలమగును. దీనిపై పసుపు వేసినచో ఆకుపచ్చ యగును.

నలుపుతోనే చిక్కు. మాచికాయవంటి వగరు సరకునకు ఇనుము చేర్చి నలుపు చేయుదురు. ఆ యినుము కాలక్రమమున ఉన్నిని తినివేయును. అందుచేత పెక్కు పాత తివాచీలయందు నల్లని గీతలు తక్కిన భాగముకంటె పల్లముగా నుండును. ప్రదర్శనశాలలో తాకనీయరు గాని, ప్రక్కనుండి చూచినను తెలియును.

1856లో పెర్కిన్ అను 18 ఏండ్ల ఆంగ్ల విద్యార్థి క్వయినా చేయబోయి, తారునుండి పుట్టిన సరకుతో ఊదారంగు చేసెను. దాని వెనుక వచ్చిన అనిలీను రంగులు చవుకయు, సులభమును. కాని వానిలో పెక్కులు ఎండకు వెలిసినవి, నీటికి కారినవి. పారసీక ప్రభుత్వము నిషేధించియు వానిని ఆపలేకపోయెను. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మనులు అలిజరినునే ప్రయోగశాలలో చేసిరి. కొలది యేండ్లకే ఫ్రాన్సు దేశమున మంజిష్ఠ సేద్యము పాడుపడెను. ప్రయోగశాలలో పుట్టినదెల్ల చెడ్డదనుట న్యాయము కాదు. ఆ యలిజరినునకును వేరులోనిదానికిని భేదము లేదు. అయితే వేరునందు దానితోడ మఱికొన్ని రంగులు కలిసియుండును. పాత యెఱుపునకుగల నిండుదనము వానివలననే.

తుర్కీ పల్లెలయందు ఈ విద్య చాలవఱకు మఱపున పడెను. హరాల్డ్ బోమర్ అను జర్మను ఉపాధ్యాయుడు పాత తివాచీల పోగులను పరీక్షించి, యే రంగు ఏ మొక్కదో కనుగొని, 1981 మొదలు అచ్చటి పల్లెవారికే దానిని తిరిగి నేర్పెను. మగ్గముల యెదుట కూర్చుండిన స్త్రీలు తమ యవ్వల రంగులతో మరల నేసి, ఆ తివాచీలను పరదేశములకు అమ్మిరి.