చార్జింగ్ బండి కొనేముందు వేయాల్సిన లెక్క

తొగుట మండలంలోని వేములఘాట్ ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది. 50 టీఎంసీల ఆ జలాశయాన్ని 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. ఊరివాళ్లు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరారు. ఊరు మారితే దూరాలూ మారతాయి. గజ్వేల్ నుంచి సిద్దిపేటకు నలభై కిలోమీటర్లకు పైనే. పోయి రావాలంటే దాదాపు 90. అక్కడి మనిషి ఫోన్‌లో చూసి ఎలక్ట్రిక్ బండి బుక్ చేయాలంటే, ముందు చూడాల్సింది ఈ 90కి ఆ బ్యాటరీ సరిపోతుందా అని.

బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పేది కిలోవాట్ అవర్. మన కరెంటు బిల్లులోని యూనిట్ అదే. ప్రకటనలో ఆ అంకె లేకపోతే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించి వెయ్యితో భాగించండి. 60 వోల్టులు, 50 ఆంపియర్ అవర్లయితే 3 యూనిట్లు. 72 వోల్టులు, 30 అయితే 2.16 మాత్రమే. వోల్టులు ఎక్కువున్నాయని బ్యాటరీ పెద్దదనుకోవద్దు.

ఇక మైలేజీ. కంపెనీలు చెప్పే ఐడీసీ (ఇండియన్ డ్రైవింగ్ సైకిల్) రేంజ్ ప్రయోగశాలలో తేలిన అంకె. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22 లోపే. సిద్దిపేటకు పోయే రాజీవ్ రహదారి మీద అలా ఎవరూ నడపరు. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది: 40 నుంచి 60కి పోతే రెండుంపావు రెట్లవుతుంది. వెనక మనిషి, ఎదురుగాలి తోడైతే ఖర్చు ఇంకా ఎక్కువ. అందుకే కిలోమీటరుకు 30 వాట్ అవర్లు వేసుకోండి. 90 కిలోమీటర్లకు 2.7 యూనిట్లు కావాలి. 3 యూనిట్ల బ్యాటరీ కొత్తలో సరిపోతుంది. కొన్నేళ్లకు అయిదో వంతు సామర్థ్యం తగ్గితే మిగిలేది 2.4. అప్పుడు సిద్దిపేటలో కాసేపు చార్జింగ్ పెట్టక తప్పదు. రోజూ పోయేవాళ్లు మొదటే ఇంకాస్త పెద్ద బ్యాటరీ తీసుకోవాలి.

250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటని బండ్లకు లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాలనీలో, బడికి అవి చాలు. రహదారికి పనికిరావు.

భద్రత విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైనున్న హోటల్‌కు పొగ కమ్మి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడాది దేశమంతటా జరిగిన బ్యాటరీ ప్రమాదాల తర్వాత కేంద్రం ఏఐఎస్ 156 అనే భద్రతా పరీక్షలను కఠినం చేసింది. ఆ మార్పుల రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. బ్యాటరీకి ఆ ధ్రువీకరణ ఉందో లేదో అడగండి. లిథియంలో ఎల్ఎఫ్‌పీ రకం కాస్త బరువైనా, వేడిని ఎన్ఎంసీ అనే మరో రకం కన్నా బాగా తట్టుకుంటుంది. సిద్దిపేట ఎండలకు అది మేలు. ఏ రకమైనా సరే, ఎండలో తిరిగొచ్చిన బండి చల్లారాకే చార్జింగ్ పెట్టాలి.

చివరగా రెండు ప్రశ్నలు. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే వారంటీ కింద మారుస్తారు? సర్వీసు గజ్వేల్‌లోనా, సిద్దిపేటలోనా, హైదరాబాద్‌లోనా? జవాబులు రాతపూర్వకంగా చేతికొచ్చాకే డబ్బు కట్టండి.