పాలరాతికి తూట్లు పొడిచిన ఆల్చిప్ప

ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే రేవు పట్టణం ఉంది. అక్కడి రోమన్ల నాటి అంగడి శిథిలాల్లో మూడు పాలరాతి స్తంభాలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 12 మీటర్ల ఎత్తు. మొదలు నుంచి దాదాపు 3.6 మీటర్ల దాకా నునుపుగా ఉంటాయి. ఆ పైన మరో 2.7 మీటర్ల మేర అన్నీ తూట్లే. వాటిని పొడిచింది లిథోఫాగా అనే సముద్రపు ఆల్చిప్ప.

ఇది ద్విపుటి (రెండు చిప్పల మధ్య బతికే మెత్తని జీవి). వేలంత పొడవు, ఖర్జూరం రంగు. రాయి దీనికి ఇల్లే గాని తిండి కాదు. నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటుంది. పిల్లగా ఉన్నప్పుడే రాతిని అంటిపెట్టుకుని ఒక స్రావం వదులుతుంది. ఆ స్రావం రాతిలోని కాల్షియాన్ని లాగేస్తుంది. దాంతో రాయి కొద్దికొద్దిగా కరుగుతుంది. సున్నపురాయి, పాలరాయి, పగడం మూడూ కాల్షియం కార్బొనేటే (సున్నపు ఖనిజం) కాబట్టి వాటినే తొలుస్తుంది. చిప్పలోనూ ఉన్నది అదే ఖనిజం. కానీ పైనున్న గోధుమరంగు పొర దాన్ని కాపాడుతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ లోపలి గదిని పెద్దది చేసుకుంటుంది. వాకిలి మాత్రం ఇరుకుగానే ఉంటుంది. ఇక అది బయటికి రాలేదు. 5 సెంటీమీటర్లు పెరగడానికే 15 ఏళ్లు దాటుతుంది.

అంటే ఆ స్తంభాలు ఏళ్ల తరబడి సముద్రంలో మునిగి ఉండాలి. ఒక్క ఉప్పెనతో ఇన్ని తూట్లు పడవు. మొదళ్లు మట్టిలో కూరుకుపోయినందువల్ల అక్కడ తూట్లు లేవు. చార్లెస్ లయెల్ 1830లో తన భూగర్భశాస్త్ర గ్రంథానికి ఈ స్తంభాల బొమ్మనే ముఖచిత్రంగా పెట్టాడు. స్తంభాలు ఒరగకుండానే నేల దిగి, మళ్లీ లేచిందని వాదించాడు. దీన్ని బ్రాడిసిజం (నేల నెమ్మదిగా లేవడం, కుంగడం) అంటారు. కింద కాంపీ ఫ్లెగ్రెయి అగ్నిపర్వతం ఉంది. లోతుల్లో శిలాద్రవం, వేడి నీరు, వాయువుల ఒత్తిడి పెరిగితే నేల ఉబ్బుతుంది, తగ్గితే కుంగుతుంది.

1982–84 మధ్య అక్కడి నేల సుమారు 1.8 మీటర్లు లేచింది. రేవులో నీటి లోతు తగ్గిపోయింది. 2005 నుంచి మళ్లీ లేస్తోంది, భూకంపాలూ వస్తున్నాయి. అగ్నిపర్వతం పేలుతుందా అన్నది అక్కడివారి ప్రశ్న. తూట్లలో దొరికిన చిప్పల వయసు లెక్కగడితే, గత రెండు వేల ఏళ్లలో నేల మూడుసార్లు కుంగి లేచినట్టు తేలింది. విస్ఫోటనం మాత్రం ఒక్కసారే, 1538లో జరిగింది. కాబట్టి నేల లేచిన ప్రతిసారీ అగ్నిపర్వతం పేలాలని లేదు, అలాగని అది పేలదని భరోసా కూడా లేదు.