మీథేన్‌ను మండించకుండా మిథనాల్‌గా మార్చే విద్యుత్ మార్గం

చమురు బావుల వద్ద రేయింబవళ్లు ఎగసే మంటల్లో కాలిపోతున్నది ప్రధానంగా మీథేన్ వాయువే. పైపులైను వేసి తరలించడం గిట్టుబాటు కాని చోట దాన్ని అక్కడికక్కడే తగలబెడతారు. కాల్చకుండా వదిలితే ముప్పు ఇంకా ఎక్కువ. 20 ఏళ్ల వ్యవధిలో లెక్కిస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా మీథేన్ భూతాపాన్ని 80 రెట్లకు పైగా పెంచుతుంది.

దీన్ని ద్రవరూప మిథనాల్‌గా మారిస్తే ట్యాంకర్లలో తరలించవచ్చు, రసాయన పరిశ్రమకు ముడిసరుకుగా వాడవచ్చు. ప్రస్తుత పద్ధతిలో మీథేన్‌ను నీటి ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకంపై 700 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. వెలువడిన వాయు మిశ్రమాన్ని అధిక పీడనంలో మిథనాల్‌గా మారుస్తారు. ఇది భారీ కర్మాగారాలకే సాధ్యం.

విద్యుత్ రసాయన పద్ధతిలో ఆ వేడి చేసే పనిని విద్యుత్తు చేస్తుంది. ఆనోడ్ వద్ద నీటిలోని ఆక్సిజన్ మీథేన్‌తో చేరగా మిథనాల్ ఏర్పడుతుంది, కాథోడ్ వద్ద హైడ్రోజన్ లభిస్తుంది.

చిక్కంతా మిథనాల్ వద్ద చర్యను ఆపడంలోనే ఉంది. మీథేన్‌లోని ఒక కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 439 కిలోజౌళ్ల శక్తి కావాలి. మిథనాల్‌లో ఆ బంధం అంతకన్నా బలహీనం. కాబట్టి మీథేన్‌ను కదిలించగల ఉత్ప్రేరకం, మిథనాల్‌ను మరింత సులువుగా ఆక్సీకరించి కార్బన్ డయాక్సైడ్ దాకా తీసుకుపోతుంది. వద్దనుకున్న వాయువే చివరికి చేతికొస్తుందన్నమాట.

పైగా మీథేన్ నీటిలో అతి స్వల్పంగా కరుగుతుంది. అది అందకపోతే నీరే విడిపోయి ఆక్సిజన్ వెలువడుతుంది, విద్యుత్తు వృథా అవుతుంది. అందుకే వాయువును వెనుక నుంచి నేరుగా అందించే సూక్ష్మరంధ్రాల ఎలక్ట్రోడ్లపై పరిశోధకులు దృష్టి పెట్టారు. ఆ విద్యుత్తు బొగ్గు నుంచి వచ్చినదైతే మాత్రం కాలుష్యం ఒకచోట తగ్గి మరోచోట పెరుగుతుంది.