యంత్రముల చిరునామాలు

మన కంప్యూటరు గదిలోని యంత్ర మొకటి దూరదేశమందలి యంత్రమును ఒక పుట పంపుమని కోరినచో, ఆ పుట దారి తప్పక మన గదికే వచ్చి చేరును. ఆ కోరికపై, జాబుపై వలెనే, పంపినవారి చిరునామాయు, పొందవలసినవారి చిరునామాయు నుండుటయే దీనికి కారణము. దీనినే ఐ.పి. చిరునామా యందురు.

1981వ సంవత్సరమున వెలువడిన నిబంధన ప్రకారము ఇది నాలుగు సంఖ్యల కూర్పు; ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. ఉదాహరణములకే వేఱుగా నుంచఁబడిన 203.0.113.25 అను దానిని తీసికొందము. ఇందు మొదటి మూడు సంఖ్యలు నెట్‌వర్కును, కడపటిది అందలి యంత్రమును దెలుపును. తపాలాకచ్చేరిలో జాబులు వేఱుపఱచువాఁడు ఊరిపేరు మాత్రమే చూచును. ఇంటినంబరుతో పని ఆ యూరి తపాలా బంట్రోతుది. రౌటర్లను దారిచూపు యంత్రములును అట్లే నెట్‌వర్కు భాగమును మాత్రమే చూచి జాబును ముందునకుఁ బంపును. ఈ యేర్పాటు లేకున్న ప్రతి రౌటరును లోకమందలి సమస్త యంత్రముల పట్టికను మోయవలసి వచ్చెడిది. ఊరెంతవఱకు, ఇల్లెచ్చటనుండి యనునది నెట్‌వర్కు పరిమాణమును బట్టి మాఱుచుండును.

ఈ లెక్కన మొత్తము చిరునామాలు 429 కోట్ల పైచిలుకు. ఇది నేఁటి ప్రపంచ జనసంఖ్యకైనఁ జాలదు. తొలినాళ్ల నిది తఱుఁగని నిధివలెఁ దోఁచెను గాఁబోలు. అమెరికాలోని మాసాచూసెట్స్ సాంకేతిక విద్యాలయ మొక్కదానికే 1 కోటి 67 లక్షలకు పైగా ముట్టినవి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము అంతటి భాగమునే పొందియు, 2000వ సంవత్సరమున మరల నిచ్చివేసినది. ఆ పనిని మేము మెచ్చుకొనుచున్నాము. 2011 ఫిబ్రవరి 3వ తేదీన కేంద్రభాండారమందలి కడపటి యైదు భాగములు ఐదు ఖండప్రాంతముల సంస్థలకుఁ బంచఁబడి, భాండారము శూన్యమైనది. వెనుక వచ్చినవారికి మిగిలినది స్వల్పము.

అందుచేతనే మన యిండ్లలో నొక పొదుపు నడచుచున్నది. రౌటరునకు బయట నొక్క చిరునామా యుండును; లోపలి యంత్రములకు 192.168తో మొదలగు సంఖ్యలను అది తానే పంచిపెట్టును. ఇవి గడప దాఁటవు గనుక, ఒకే సంఖ్య లక్షల యిండ్లలో నున్నను చిక్కు లేదు. చిక్కు మఱియొక చోటఁ గలదు. ఒకే చిరునామా వెనుక నలువది మంది విద్యార్థులున్న బడిలో, ఒక్కఁడు దూరపు యంత్రమును వేధించినచో, అది ఆ చిరునామాకే తలుపు మూయును. తక్కిన ముప్పదితొమ్మండ్రకును ప్రవేశము పోవును.

దీనికి మందుగా ఆఱవ కూర్పు చిరునామాలు వచ్చినవి. వీని మొత్తము వ్రాయుటకు 39 అంకెలు కావలయును. అయితే పాత చిరునామా గల యంత్రము క్రొత్తదానితో నేరుగా మాటలాడలేదు గనుక, రెండును ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. మన దేశమందలి మొబైలు నెట్‌వర్కులు ఈ మార్పులో వెనుకఁబడి లేవు. ఇంటఁ బెద్దల ఫోనులోని సెట్టింగులందు చిరునామా చూచినచో, చుక్కలకు బదులు జంటచుక్కలతో విడదీసిన అంకెలును ఆంగ్లాక్షరములును గనఁబడవచ్చును. అది యీ క్రొత్త కూర్పునకుఁ జెందినది.