బుట్టలో పిల్లిపిల్లని నేనే!

మియాపూర్‌లో నాలుగేళ్లుగా ఉంటున్నా. ఆ రాత్రి నాన్నకి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది. ఇంట్లో ఒక్క మాత్ర లేదు. కరెంటు లేదు, నా ఫోన్ స్విచ్చాఫ్. నాన్నదేమో కీప్యాడ్ ఫోన్. మందుల షాపు ఎటువైపో నాకు తెలీదు!

ఊరి నుంచి వచ్చి వారమే అయిన నాన్న మంచం మీద నుంచే చెప్పారు. "గుడి దాటి ఎడమకి తిరుగు. కారం పట్టిన ఘాటు వస్తే అదే పిండిమర. పక్క సందులో నాలుగో షాపు."

వెళ్లాను. ముందు తుమ్ము వచ్చింది, తర్వాత షాపు కనిపించింది.

నాన్న రోజూ పాలకి, కూరలకి ఆ వీధిలోనే నడిచారు. నేనూ రోజూ చూసిన వీధే. కాకపోతే క్యాబ్ వెనక సీట్లోంచి.

1963లో అమెరికాలో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అనే శాస్త్రవేత్తలు చీకట్లో పెంచిన పిల్లిపిల్లల్ని జతలుగా తీసుకుని ఒక ప్రయోగం చేశారు. చారల గోడలున్న గుండ్రటి చోట, మధ్యలో గిర్రున తిరిగే కర్ర. ఒక చివర పిల్లి తన కాళ్లతో నడుస్తుంది. రెండో చివర పిల్లి బుట్టలో కూర్చుంటుంది. మొదటిది ఎటు కదిలితే బుట్టా అటే కదులుతుంది. అంటే రెండూ చూసేది దాదాపు ఒకటే. వెలుగు చూసేది రోజుకి ఆ మూడు గంటలే.

తర్వాత పరీక్షించారు. నడిచిన పిల్లి, గాజు పలక కింద లోతు కనిపిస్తే అటు వెళ్లలేదు. ఏదైనా మీదికొస్తే కళ్లార్పింది. బుట్టలోదానికి ఇవేవీ రాలేదు. దాని కళ్లు బాగానే ఉన్నాయి. కానీ 'నేను అడుగేస్తే గోడ దగ్గరవుతుంది' అనే లెక్క దానికెప్పుడూ అందలేదు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ ఉంది, ఫీడ్‌బ్యాక్ లూప్ లేదు.

నా కథ అంత ఘోరం కాదనుకోండి. ఊరట ఏంటంటే, వెలుగున్న గదిలో స్వేచ్ఛగా రెండు రోజులు తిరగనిస్తే ఆ పిల్లులూ కోలుకున్నాయి.

ఇప్పుడు మెట్రో దిగి ఇంటికి నడిచే వస్తున్నా. రెండుసార్లు దారి తప్పాను. ఒకసారి మంచి ఇరానీ చాయ్ దొరికింది. "గుడి దగ్గర బోండాల బండి ఉందా ఇంకా?" అని నాన్న ఫోన్లో అడుగుతారు.

ఉంది నాన్నా. చింతచెట్టు నీడకి జరిపాడంతే.